మేత నిండుగానే వేస్తున్నాం, మరి అరగట్లేదేం? గొర్రెలు, మేకల మేతను ఇంటి దగ్గరే పరీక్షించుకునే పద్ధతి

బెంగళూరు చుట్టుపక్కల హోసకోట, చింతామణి, బాగేపల్లి, ఇటు ఆనేకల్ దాకా జీవాలు పెంచుతున్న మనవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న, మాటలే మారతాయి. "అన్నా, పొట్టనిండా వేస్తున్నాం, బరువు రావట్లేదు." "రోజూ నేపియర్ గడ్డి కోసి వేస్తున్నా, పెంటికలు ముద్దముద్దగా పడుతున్నాయి." "రాత్రి బాగానే ఉంది, పొద్దున చూస్తే ఎడమ డొక్క ఉబ్బిపోయింది." అందరికీ మందు పేరు కావాలి. నేను ముందు అడిగేది మాత్రం ఆ గడ్డి ఎన్నో రోజున కోశారు, అందులో ఆకెంత, కాడెంత, కిందటి వారం ఏం వేశారు అని. సగం మందికి జవాబు తెలియదు. అందుకే ఇది రాస్తున్నా. రెండు పొట్టేళ్లు పెంచేవాళ్లకూ, యాభై మేకల షెడ్డు ఉన్నవాళ్లకూ పద్ధతి ఒకటే.

ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. మీరు వేసే మేతను ముందు తినేది జీవం కాదు, దాని పెద్ద పొట్టలో ఉండే కోట్ల సూక్ష్మజీవులు. పీచును విరగ్గొట్టేది అవే, తర్వాత చచ్చి జీవానికి మాంసకృత్తులయ్యేదీ అవే. లేత గడ్డిని అవి తొందరగా తినేస్తాయి. ముదిరిన కాడలో లిగ్నిన్ (కాడను చెక్కలా గట్టిపరిచే పదార్థం) చేరుతుంది, దాన్ని అవి ఏమీ చేయలేవు, కాబట్టి ఆ కాడ పొట్టలోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. లోపల చోటు ఖాళీ అయితే కదా జీవం మళ్లీ తినేది! మేత ఎదురుగా ఉన్నా జీవం చిక్కిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఇంకోటి, మేత మొత్తంలో ప్రొటీన్ 7 శాతం కంటే తగ్గితే ఆ సూక్ష్మజీవులకే ఆకలి, ఇక అరుగుదల మందగిస్తుంది. థియరీ ఇంతే, పనిలోకి వెళదాం.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- దర్జీ టేపు, వేలాడదీసే చిన్న తూకం
- పాత టీ జల్లెడ (మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లొద్దు)
- రెండు గోనె సంచులు, ఒక బకెట్
- చాఫ్ కట్టర్ (గడ్డి నరికే యంత్రం), లేదా మంచి కొడవలి
- వంట సోడా, వంట నూనె (అత్యవసరానికి)
- ఒక నోటుబుక్కు, లేదా ఫోన్లో రాసుకున్నా సరే, కానీ తేదీ వేసి రాయండి

1. ముందు బరువు తెలుసుకోండి

కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీయండి. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన పిర్ర ఎముక దాకా పొడవు తీయండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 26, పొడవు 24 అనుకోండి, సుమారు 24 కిలోలన్నర. ఉన్ని పెరిగిన గొర్రెకు టేపును ఉన్ని మీద వదులుగా పెట్టకండి, నొక్కి చర్మానికి ఆనించండి, లేకపోతే లేని బరువు కనిపిస్తుంది.

జీవం బరువులో వందకు 3 నుంచి 4 వంతులు పొడి పదార్థం రోజూ తినాలి, అంటే నీరు తీసేసిన లెక్క. 25 కిలోల జీవానికి దాదాపు 875 గ్రాములు.

2. మీ గడ్డిలో నీళ్లెంతో చూడండి

ఇక్కడే పెద్ద మోసం జరుగుతుంది. "మూడు కిలోలు వేశానన్నా" అంటారు, అందులో రెండున్నర కిలోలు నీళ్లే అయి ఉండొచ్చు. కోసిన గడ్డి సరిగ్గా ఒక కిలో తూచి, చిన్నగా నరికి, గోనె మీద పల్చగా ఆరబెట్టండి. రాత్రి లోపలికి తెచ్చేయండి, బెంగళూరు మంచుకు మళ్లీ తడి పట్టేస్తుంది. వరసగా రెండు పూటలు తూచినా బరువు మారకపోతే ఎండినట్టే. 200 గ్రాములు మిగిలితే మీ గడ్డిలో పొడి పదార్థం సుమారు 20 శాతం. (ఎండలో ఆరినా కొంచెం తేమ ఉంటుంది, మన పనికి ఈ లెక్క చాలు.)

లేత నేపియర్, వాన తర్వాతి గడ్డి 20కి అటూఇటూ ఉంటాయి. చెట్ల ఆకులు 30 దగ్గర. రాగి గడ్డి, వేరుశనగ కట్టె లాంటి ఎండుమేతలు 90.

25 కిలోల మేకకు ఒక రోజు లెక్క ఇలా ఉంటుంది: పచ్చి గడ్డి 2 కిలోలు (పొడి 400 గ్రా.), చెట్ల ఆకు అర కిలో (150), రాగి గడ్డి పావు కిలో (225), దాణా 120 గ్రాములు (సుమారు 108). మొత్తం 880 దాకా వచ్చింది, సరిపోయింది. ఇది ఉదాహరణ మాత్రమే, చూడి మేకకూ పాలిచ్చే మేకకూ ఇంకా కావాలి.

3. ఆకు-కాడ పరీక్ష

నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

మోపులోంచి ఎంచకుండా ఒక గుప్పెడు లాగండి. పై నుంచి తీస్తే ఆకు ఎక్కువ వస్తుంది, అడుగు నుంచి తీస్తే కాడ, కాబట్టి మధ్య నుంచి తీయండి. నేల మీద గోనె పరిచి కూర్చుని ఆకులన్నీ ఒక పక్క, కాడలన్నీ ఇంకో పక్క వేరు చేయండి. రెండూ తూచండి. ఆకు సగం కంటే ఎక్కువ ఉంటే మేత బాగుంది. మూడో వంతుకు పడిపోతే ఆ గడ్డి వయసు దాటిపోయింది.

తర్వాత ఒక కాడ తీసి మధ్యలో వంచండి. తడిగా, టప్పున విరిగి, విరిగిన చోట రసం కనిపిస్తే లేతది. వంగి, విరగకుండా నారలు సాగి వేలాడితే ముదిరింది. గోరు గుచ్చి చూడండి, దిగకపోతే మీ మేక పొట్టలోనూ అది తొందరగా అరగదు. కాడ లోపల తెల్లటి బెండు ఉండి పైతొక్క వెదురులా గట్టిపడిందంటే మేకకు వేసినా ఆకు కొరికి కాడ వదిలేస్తుంది. గొర్రె పాపం కొంచెం ఎక్కువే నములుతుంది, మేకంత ఏరుకోదు, కానీ నమలడానికే దాని ఒళ్లు అలిసిపోతుంది.

రంగు చూసి మోసపోకండి. ముదురు ఆకుపచ్చగా ఉంటే బలమైన మేత అనుకుంటారు. యూరియా ఎక్కువ చల్లిన గడ్డి కూడా అలాగే నిగనిగలాడుతుంది, దాంట్లో నైట్రేటు ఉండొచ్చు, అది ఎక్కువైతే విషం. వాన లేక వాడిన పంటకు యూరియా వేసి, ఒక వాన పడగానే కోసి వేస్తే మరీ ప్రమాదం.

4. కోత తేదీ గోడ మీద రాయండి

- కో-4, కో-5 రకాల నేపియర్: నాటాక 75 నుంచి 80 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత ప్రతి 45 రోజులకు. 45 దాటి 70కి పోతే ఎత్తు, టన్నులు పెరుగుతాయి, చూడ్డానికి సంతోషంగా ఉంటుంది. పెరిగిందంతా కాడే.
- కోఎఫ్ఎస్-29 రకం మేత జొన్న: మొదటి కోత 65 రోజులకు, తర్వాత 50 రోజులకోసారి.
- దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్, పప్పుజాతి మేత): మొదటిది 90 రోజులకు, ఆపైన 40 రోజులకోసారి.

ఒక్కరోజే పొలమంతా కోయకండి. మడిని ఐదారు ముక్కలు చేసి వారానికొకటి కోస్తూ పోతే ఎప్పుడూ సరైన వయసు గడ్డి చేతిలో ఉంటుంది.

హెచ్చరిక: జొన్న విషయంలో లెక్క తిరగబడుతుంది. లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న, కోసిన మొదళ్ల నుంచి వాన తర్వాత కొత్తగా లేచిన పిలకలు, వీటిలో సైనైడ్ విషం తయారవుతుంది. జీవం తిన్న కొద్ది నిమిషాల్లోనే పడిపోవచ్చు. పూతకు వచ్చేదాకా ఆగండి. ఎలాగూ వేయాల్సి వస్తే బాగా ఎండబెట్టి వేయండి, ఎండితే విషం చాలావరకు తగ్గుతుంది. కర్రపెండలం ఆకుకూ ఇదే జాగ్రత్త.

5. పచ్చిమేత ఒక్కటే వేయకండి, ఎండుమేత ఒక్కటే వేయకండి

మన వైపు రాగి గడ్డి దొరకడం అదృష్టం. తృణధాన్యాల గడ్డిలో అది మంచిది, వరి గడ్డి కంటే మెరుగు. అయినా దాంట్లో ప్రొటీన్ 3, 4 శాతమే. అదొక్కటే వేస్తే పైన చెప్పిన ఆకలి కథే జరుగుతుంది. దానికి జత కావాలి: దశరథ గడ్డి, అవిశ, సుబాబుల్, పనస ఆకు, వేరుశనగ కట్టె, ఉలవ పొట్టు, కంది పొట్టు, ఏది చేతికి దొరికితే అది.

సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. అందులోని మైమోసిన్ అనే విషపదార్థం ఎక్కువైతే వెంట్రుకలు, ఉన్ని రాలతాయి. దీని వెనక ఒక మంచి కథ ఉంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ తిన్న పశువులకు జబ్బు చేస్తుంటే, హవాయిలో మేకలు మాత్రం హాయిగా తింటున్నాయని శాస్త్రవేత్తలు గమనించారు. 1980లలో ఆ మేకల పొట్టలోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా తెచ్చి అక్కడి పశువులకు ఎక్కిస్తే ఆ సమస్య తగ్గింది. అరిగించేది ఎవరో దీన్ని బట్టే తెలుస్తుంది.

యూరియా కలిపి గడ్డి మాగబెట్టే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచుతారు. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేస్తారు. పని చేస్తుంది. కానీ పది పదిహేను జీవాలున్న ఇంట్లో ఆ తలనొప్పి ఎందుకని నా అభిప్రాయం. ఆరు నెలల లోపు పిల్లలకు అసలు పెట్టకూడదు, యూరియా నీళ్ల బకెట్లో ఏ మేకైనా మూతి పెట్టిందా, ప్రాణం పోతుంది. గట్టున పది అవిశ చెట్లు వేసుకోండి, అదే నయం.

6. నరకడం, వేయడం

కాడ ఉన్న గడ్డిని 2, 3 సెంటీమీటర్ల ముక్కలుగా నరకండి. అంతకంటే సన్నగా, పొడిలా కొట్టొద్దు. పొడిలా కొట్టిన మేత నెమరుకు రాకుండానే కిందికి జారిపోతుంది. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, పొట్టలో పులుపును సరిచేసేది ఆ లాలాజలమే. "మెత్తగా చేస్తే బాగా అరుగుతుంది" అనే లెక్క మనుషులకు, వీటికి కాదు.

ఆకు కొమ్మలను మాత్రం నరకొద్దు. మేకకైతే దాని తల ఎత్తులో కట్ట కట్టి వేలాడదీయండి. కింద పడేసిన ఆకును వాసన చూసి వదిలేసే మేక, వేలాడే కొమ్మను మోడు చేసేస్తుంది. గొర్రెకు తొట్టి చాలు.

రోజు మేతను ఒకేసారి కుమ్మరించకుండా మూడు నాలుగు పూటలు చేయండి. పొద్దున మొదట ఎండుమేత, తర్వాత పచ్చిది, దాణా ఎప్పుడూ ఖాళీ కడుపుకు వద్దు. నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. ఎండుమేత పెంచి నీళ్లు మరిచిపోతే పొట్టలో గడ్డి అట్ట కడుతుంది.

గొర్రెలకు ఆవుల మినరల్ మిక్చర్ వేయకండి. దాంట్లో రాగి లోహం (కాపర్) ఎక్కువ, గొర్రె లివర్ తట్టుకోలేదు. గొర్రెలదని అడిగి కొనండి.

7. మేత మార్చాలంటే పది రోజులు పెట్టుకోండి

ఎండుగడ్డికి అలవాటైన సూక్ష్మజీవులు వేరు, పచ్చిగడ్డికి అలవాటైనవి వేరు. ఒకటి తగ్గి ఇంకొకటి పెరగడానికి పది రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. పాత మేతలో నాలుగో వంతు కొత్తది కలపడంతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజులకోసారి పెంచండి.

దీన్ని ఎక్కువగా తప్పేది రెండు సందర్భాల్లో. ఒకటి వాన. ఏప్రిల్, మే జల్లులకే ఇక్కడ గట్లు పచ్చబడతాయి, ఎండకాలమంతా చొప్ప నమిలిన మంద ఒక్కసారి ఆ లేత గడ్డి మీద పడుతుంది. పారుడు మొదలవుతుంది, ఇంకా ఘోరం ఏమిటంటే చిటుక రోగం. మందలో బాగా తిని బలంగా ఉన్న పిల్లే పొద్దున చూసేసరికి చచ్చి పడి ఉంటుంది. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా అలాంటి మేతకు ఒక్కసారి విజృంభించి విషం వదలడం వల్ల వచ్చేది ఇది. వానలకు ముందే టీకా వేయించండి, మొదటిసారి వేయించేవాటికి రెండు వారాల తర్వాత బూస్టర్. వాన సీజన్లో బయటికి తోలే ముందు పిడికెడు ఎండుగడ్డి పెట్టండి, మంచు ఆరాకే తోలండి.

రెండోది బక్రీద్. చామరాజపేట ఈద్గా మైదానం దగ్గర సంతలో కొన్న పొట్టేలు ఎక్కడో ఉత్తర కర్ణాటకలో పొట్టు తిని పెరిగి, లారీలో రాత్రంతా నిలబడి వచ్చి ఉంటుంది. ఇంటికి తేగానే పిల్లలు ముద్దుగా బిస్కెట్లు, అన్నం, క్యారెట్లు, కట్టలకొద్దీ లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) పెడతారు. రెండో రోజుకు ఉబ్బరం. తెచ్చిన రోజు ఎండుగడ్డి, నీళ్లు, ఇంకేమీ వద్దు. మర్నాటి నుంచి కొంచెం కొంచెం.

8. బెంగళూరులో ఊరికే దొరికే మేతలు

ఊరి అంచున జీవాలు పెంచడంలో లాభమూ ఇదే, గండమూ ఇదే.

అనపకాయ తొక్కలు. డిసెంబర్, జనవరిలో నగరమంతా గింజలు ఒలిచి తొక్కలు గుట్టలు పోస్తారు. మంచి మేత, జీవాలు ఇష్టంగా తింటాయి. కానీ ఆ గుట్టలో చెయ్యి పెట్టి చూడండి, లోపల వేడిగా ఉంటే అది అప్పటికే కుళ్లడం మొదలైంది. అదే రోజు తెచ్చి, పల్చగా పరిచి, సగం ఆరాక, ఎండుగడ్డి తర్వాత వేయండి. తాజా తొక్కలు కడుపునిండా వేస్తే ఉబ్బరం ఖాయం.

మల్బరీ ఆకు. శిడ్లఘట్ట, చింతామణి, కోలారు వైపు వాళ్లకు ఇది బంగారం, ప్రొటీన్ 18, 20 శాతం దాకా ఉంటుంది. పురుగులు తినగా మిగిలిన కొమ్మలు కూడా పనికొస్తాయి. అయితే పట్టుపురుగు పడకల మీద సున్నం, మందు పొడులు చల్లుతారు కాబట్టి పొడి అంటిన కొమ్మలు వద్దు. తోటకు మందు కొట్టి ఎన్నాళ్లయిందో రైతును అడిగే తెచ్చుకోండి.

మార్కెట్ కూరగాయలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకుల్లో నీళ్లే ఎక్కువ. మొత్తం పచ్చిమేతలో నాలుగో వంతుకు మించి వేయను నేనైతే. కుళ్లిన ఆలుగడ్డ, మొలకెత్తిన ఆలుగడ్డ అసలు వద్దు. పూల మార్కెట్ బంతిపూలు కావాలంటే దారాలు తీసేశాకే.

అరటి బోదెలు. ఆయుధపూజ మర్నాడు ప్రతి వీధిలోనూ ఉంటాయి. వేయొచ్చు, కానీ అది దాదాపు నీళ్లే, కడుపు నిండినట్టు ఉంటుంది తప్ప బలం లేదు. ఎండుగడ్డితో కలిపి నరికి వేయండి, వైర్లూ టేపులూ చూసుకోండి.

హోటల్ అన్నం, కల్యాణ మండపం మిగుళ్లు. వద్దు. ఉడికిన పిండి పదార్థం పొట్టలో పడగానే పులిసి, లోపల ఆమ్లం పెరిగి, పీచు తినే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అదృష్టం బాగుంటే పారుడుతో పోతుంది, లేకపోతే జీవమే పోతుంది. బ్రెడ్, ఇడ్లీ పిండి, ముద్ద, అన్నీ ఇదే లెక్క. పైగా ఆ సంచిలో ప్లాస్టిక్ కవరు తప్పకుండా ఉంటుంది, అది పెద్ద పొట్టలో చేరితే ఇక బయటికి రాదు.

చెరువు గడ్డి. చెరువు అంచున ఏపుగా ఉంటుంది, ఊరికే వస్తుంది. ఊళ్లోని చాలా చెరువుల్లోకి మురుగు వస్తుంది, తడి అంచు గడ్డికి నత్తల ద్వారా లివర్ జలగలు అంటుకుని ఉంటాయి. కోయాల్సే వస్తే నీటి మట్టానికి బాగా ఎగువన కోసి, ఎండబెట్టి వేయండి.

లేఅవుట్ కంచె కత్తిరింపులు. ఇంటివాళ్లు "తీసుకుపో అన్నా, మేకలకు వేసుకో" అని మోపు ఇచ్చేస్తారు. ఆ మోపులో గన్నేరు కొమ్మ ఒక్కటున్నా చాలు, గుండె ఆగిపోతుంది. లాంటానా (కంచెల్లో రంగురంగుల చిన్న పూల గుత్తులతో ఉండేది) లివర్ చెడగొడుతుంది, తిన్న జీవానికి ఎండలో మూతి, చెవులు కందిపోతాయి. వయ్యారిభామ కూడా పారేయండి. గుర్తుపట్టలేని ఆకు ఏదైనా సరే, వేయకపోవడమే మంచిది.

9. సంచి సైలేజ్ కొంటున్నారా

సైలేజ్ అంటే గాలి చొరకుండా సంచిలో పులియబెట్టిన పచ్చిమేత. పచ్చిమేత లేని ఫిబ్రవరి నుంచి మే దాకా ఇది బాగా ఆదుకుంటుంది. సంచి విప్పగానే వాసన చూడండి. పులిసిన మజ్జిగలా, కొంచెం తియ్యటి పులుపు వాసన రావాలి, రంగు పసుపు కలిసిన ఆకుపచ్చ. ముక్కిన వెన్న కంపు, పేడ కంపు వస్తే, నల్లగా జారుడుగా ఉంటే తిప్పి పంపండి. గుప్పిట్లో గట్టిగా పిండి చెయ్యి తెరవండి: నీళ్లు కారితే తడి ఎక్కువ, ఉండ వెంటనే పొడిపొడిగా రాలితే మరీ ఎండింది, మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. బూజు ఉన్న సంచి చూడి జీవాలకు అసలు పెట్టకండి, ఈసుకుపోవచ్చు (గర్భం పోవచ్చు). చెడిన సైలేజ్ తిన్న గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే అది లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు, వెంటనే డాక్టరును పిలవాలి. విప్పిన సంచిని నాలుగైదు రోజుల్లో ముగించండి.

10. అరుగుతోందా లేదా చూసుకోవడం

తొట్టిలో మిగిలింది చూడండి. వేసినదాంట్లో పదో వంతు మిగలడం మంచిదే, ముఖ్యంగా మేకలకు, అవి ఏరుకుని తినే జాతి. ఏమీ మిగలకపోతే చాలట్లేదు. మూడో వంతు మిగిలి, మిగిలిందంతా కాడైతే నాలుగో అంకెకు తిరిగి వెళ్లండి.

నెమరు చూడండి. మధ్యాహ్నం మంద పడుకున్నప్పుడు దూరంగా నిలబడి లెక్కపెట్టండి. పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తుండాలి. ఒక్కటే పక్కకు వెళ్లి నోరు ఆడించకుండా నిలబడి ఉంటే దాని దగ్గరికి వెళ్లండి.

పిడికిలి పరీక్ష. ఎడమ డొక్కలో, ఆఖరి పక్కటెముక వెనక ఉండే పల్లంలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. లోపలి నుంచి ఒక అల మెల్లగా మీ చేతిని తోసి వెనక్కి పోతుంది. నిమిషానికి ఒకటి, రెండు రావాలి. అసలు రాకపోతే పొట్ట నిలిచిపోయింది. నొక్కితే పిండి ముద్దలా గుంట పడి అలాగే ఉంటే లోపల మేత గట్టిపడింది, డోలులా మోగితే గాలి.

పెంటికలు. విడివిడిగా, కొంచెం మెరుస్తూ, నొక్కితే చితికేలా ఉండాలి. రాళ్లలా చిన్నగా ఎండి ఉంటే పీచు ఎక్కువ, నీళ్లు తక్కువ. ద్రాక్షగుత్తిలా అంటుకుని పడుతుంటే పచ్చిమేత గానీ దాణా గానీ ఎక్కువైంది. పుల్లటి కంపుతో నురుగు నురుగుగా ఉంటే పిండి పదార్థం తిన్నట్టు.

చివరిది జల్లెడ పరీక్ష. తాజా పెంటికలు ఒక గుప్పెడు అరగంట నానబెట్టి, చిదిపి, టీ జల్లెడలో వేసి నీళ్లు తేటపడేదాకా కడగండి. సన్నటి పొట్టు మిగిలితే అరుగుదల బాగుంది. అర అంగుళం దాటిన పుల్లలు, మొక్కజొన్న నూకలు కనిపిస్తే మేత అరగకుండానే దాటిపోతోంది. దాణా తగ్గించి, నరికే కొలత సరిచూసి, వారం తర్వాత మళ్లీ కడిగి చూడండి. మార్పు ఒక్క రోజులో రాదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా చిక్కిపోతుంటే కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా కాకుండా పాలిపోయి ఉంటే అది మేత తప్పు కాదు, నట్టలు. పెంటికలు పరీక్ష చేయించండి. మేతనే ల్యాబులో పరీక్షించాలనుకుంటే హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో గానీ, ఆడుగోడిలో ఉన్న జాతీయ పశు పోషణ సంస్థలో గానీ అడగండి.

మళ్లీ మళ్లీ జరిగే తప్పులు

బరువు రావట్లేదని దాణా పెంచుకుంటూ పోవడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. గడ్డి ముదిరితే దాణా దాన్ని సరిచేయలేదు, ఉన్న పీచు అరుగుదలనూ పాడు చేస్తుంది. మేకకూ గొర్రెకూ ఒకే తొట్టిలో ఒకే మేత వేసి గొర్రె తింటోంది కదా, మేకకేం రోగమని తిట్టడం ఇంకోటి. వాన తడితో మోపు కట్టి రాత్రంతా షెడ్డులో ఉంచి, పొద్దున వేడెక్కిన గడ్డిని వేయడం కూడా చాలామంది చేసేదే. మోపు రాగానే విప్పి పరచండి, అంతే.

ఉబ్బరం వస్తే

పచ్చి లూసర్న్, తొక్కలు తిని ఉబ్బితే పెద్ద జీవానికి 50 నుంచి 100 మిల్లీలీటర్ల వంట నూనె, చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా, తల పైకెత్తకుండా పట్టండి. ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి ఎడమ డొక్క మర్దన చేయండి. అన్నం, ధాన్యం తిని ఉబ్బితే నూనె కాదు, కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున వంట సోడా నీళ్లలో కలిపి పట్టండి, దాణా ఆపేయండి. పడుకుండిపోయి మింగలేని జీవానికి ఏమీ పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జొన్న తిని పడిపోతే ఇంటి వైద్యం పెట్టుకోకండి, దానికి ఇంజెక్షనే.

పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేసి డాక్టరు వచ్చేలోపు మూడు పనులు చేయండి: గత రెండు రోజుల్లో ఏం వేశారో నోటుబుక్కులోంచి తీసి పెట్టుకోండి, తొట్టిలో మిగిలిన మేత ఒక సంచిలో దాచండి, మందలో మిగతావాటికి ఆ మేత వెంటనే ఆపేసి ఎండుగడ్డి వేయండి. తొట్టి మాత్రం కడిగేయకండి, డాక్టరు దాన్ని చూడాలి.